డ్రై అనగా ఎండిన

ఇంగ్లీషు మాటలకు సర్కారు తెలుగు ఏమిటో తేల్చి చెప్పడానికి రాష్ట్రంలో ఒక సంస్థ ఉండేది. పేరు ఏకపద సాధన సంస్థ. మాలకొండయ్య అందులో సీనియర్ అనువాదకుడు. జూనియర్ అనువాదకుడి పోస్టు ఇంకా మంజూరు కాలేదు కాబట్టి ఆయన ఎవరికి సీనియరో ఎవరూ చెప్పలేరు.

సంస్థ చాలాకాలం ఎవరి కంటా పడకుండా చల్లగా బతికింది. ఇంతలో ఆడిట్ వాళ్ళు వచ్చారు. వాళ్ళకు పాత ఫైళ్ళలో ఒక ఘోరం కనిపించింది. ఇంగ్లీషులో డ్రై అనే ఒకే ఒక్క విశేషణం ఉండగా, దానికి ఒక కాగితంలో పొడి అని, ఒక కాగితంలో ఎండిన అని, ఇంకోచోట మెట్ట అని, వట్టిపోయిన అని, ఆరిన అని, ఇంకిన అని ఇష్టమొచ్చినట్టు వాడేశారు. "ఒక పదము చాలిన చోట పలు పదములు వినియోగించుట దుబారాగా పరిగణించడమైనది. సంజాయిషీ పంపవలెను" అని ఒక పేరా రాసిపెట్టి, టిఫిను తిని వెళ్ళిపోయారు.

డైరెక్టర్ జనరల్ చిదంబరేశ్వరరావు గారు ఆ పేరా చదివి పులకించిపోయారు. ఆయన ఈ కుర్చీలోకి రాకముందు పౌరసరఫరాల్లో గోనెసంచులు చూసేవారు. సంచులు లెక్కపెట్టగలిగినవాడు మాటలు లెక్కపెట్టలేకపోతాడా అన్నది ప్రభుత్వం వారి నమ్మకం. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు చేతినిండా పని లేక దిగులుగా ఉండేది. ఆ దిగులు ఆ పేరాతో తీరింది.

వెంటనే మీటింగు పెట్టి మాలకొండయ్యను పిలిపించారు.

"ఏమండీ, ఒక్క డ్రైకి ఇన్ని మాటలు దేనికి?"

"ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది సార్. బట్టలు ఆరతాయి. మిరపకాయలు ఎండుతాయి. దగ్గు పొడిగా వస్తుంది. పాలు మానేసిన ఆవును వట్టిపోయింది అంటాం. చెరువు ఇంకిపోతుంది. వాన మీదే ఆధారపడి పండే భూమి మెట్ట. వీటన్నిటినీ ఇంగ్లీషువాడు డ్రై అనేస్తాడు. పాపం, వాడికి గతిలేదు."

"గతిలేకపోవడం అనరాదు. దానిని పొదుపు అనవలెను," అన్నారు చిదంబరేశ్వరరావు గారు. ఆయన మీటింగుల్లో మాట్లాడేటప్పుడు కూడా ఉత్తర్వు రాస్తున్నట్టే మాట్లాడతారు. "పరిపాలనా దృష్ట్యా అర్థమనేది ఒక స్థిరాస్తి. ఒక ఆస్తికి ఇంతమంది హక్కుదారులు ఉన్నచో వ్యాజ్యములు తప్పవు."

కంప్యూటర్ విభాగం కుర్రవాడు కూడా తలాడించాడు. తన ప్రోగ్రాములో ఒక గడిలో ఒక మాటే పడుతుందనీ, రెండోది పెడితే ఎర్రగా వెలుగుతుందనీ చెప్పాడు. అందరూ ఆ ఎర్రదనాన్ని తలుచుకుని గంభీరంగా అయిపోయారు.

ఇక ఏ మాటను ఉంచాలన్నది మిగిలింది. ఆ సంస్థలో దానికో పద్ధతి ఉంది. ఉద్యోగులకు ఉన్నట్టే అక్కడ మాటలకూ సీనియారిటీ ఉంటుంది. ఏ మాట ముందుగా సర్కారు కాగితం ఎక్కిందో దానికే ప్రమోషన్. నిజానికి వయసులో మెట్ట అందరికంటే పెద్దది. కానీ ఆ పాత ఫైలును చెదలు తినేశాయి. సర్వీసు రుజువు లేనందున మెట్టను పక్కన పెట్టారు. కొబ్బరి ఎండబెట్టుకోవడం గురించి ఎప్పుడో వెలువడిన ఒక ఉత్తర్వు పుణ్యాన 'ఎండిన' అన్న మాట మొదటి స్థానంలో నిలిచింది.

మర్నాటికల్లా సర్క్యులర్ తయారైంది. "డ్రై అనగా ఎండిన. తత్సంబంధమైన ఇతర పదములన్నియు రద్దు. ఈ నిర్ణయము మూడు సంవత్సరముల వరకు సమీక్షకు అతీతము." మాలకొండయ్య కింద అభ్యంతరం రాయబోతే, అభ్యంతరాలకు ఆ కాగితంలో జాగా వదల్లేదని తేలింది.

సర్క్యులర్ ఊరి మీద పడింది. ముందుగా మునిసిపాలిటీ వాళ్ళు పొడిచెత్త డబ్బాల మీద 'ఎండిన చెత్త' అని రాయించారు. ఆ వారం వానలు. తడిసిన ప్లాస్టిక్ కవర్లు పట్టుకొచ్చిన ఇల్లాళ్ళను చెత్తబండి వాళ్ళు వెనక్కి పంపేశారు. ఎండబెట్టి తెమ్మన్నారు. నగరంలో మేడల మీద దండేలకు పాలపాకెట్లు, చిప్స్ కవర్లు ఆరేసి, క్లిప్పులు పెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా ముసలివాళ్ళను కాపలా కూర్చోబెట్టారు. అరటితొక్కల్ని మాత్రం రెండెండలు చూపించినవాళ్ళ దగ్గర మర్యాదగా తీసుకున్నారు.

పశువైద్యశాల వారిది మరో కథ. వట్టిపోయిన ఆవులకు దాణా ఇచ్చే పథకం ఒకటి ఉంది. ఇప్పుడది 'ఎండిన ఆవుల' పథకం అయింది. పాలు మానేసి నిగనిగలాడుతున్న ఒక ఆవును తోలుకొచ్చిన రైతుతో, "ఇదెక్కడ ఎండిందయ్యా, ఏనుగులా ఉంటే!" అన్నాడు డాక్టరు. పక్కనే ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఇంకో ఆవుకు దాణా రాసిచ్చాడు. అది పూటకు నాలుగు లీటర్ల పాలిస్తోందని దాని యజమాని నిజాయితీగా చెప్పుకున్నా డాక్టరు వినిపించుకోలేదు.

అన్నిటినీ మించిన ఘనకార్యం గాంధీ జయంతినాడు జరిగింది. డ్రై డే కాబట్టి 'ఎండిన దినమున మద్యము దుకాణములు మూసి ఉంచవలెను' అని ఉత్తర్వు వచ్చింది. నగరంలో తెల్లారకముందు నుంచీ ముసురు. వైన్‌షాపు యజమాని నింపాదిగా షట్టరు ఎత్తి, అగరొత్తి వెలిగించాడు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, ఇవాళ కూడా తెరుస్తావా? కళ్ళు నెత్తికెక్కినయ్యా?"

"గొడుగు తీసి మాట్లాడండి సార్," అన్నాడు షాపాయన. "తడవకపోతే ఎండిన దినం అని ఒప్పుకుని ఇప్పుడే మూసేస్తా."

ఇన్‌స్పెక్టరు గొడుగు తీయలేదు. ఉత్తర్వు మళ్ళీ ఒకసారి చదువుకుని, దాన్ని తడవకుండా లోపలి జేబులో దాచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వర్షం తగ్గేదాకా వ్యాపారం జోరుగా సాగింది.

ఈ వార్తలన్నీ పేపర్లో వస్తుంటే మాలకొండయ్యకు తల కొట్టేసినట్టయింది. చిదంబరేశ్వరరావు గారికి మాత్రం ముఖం వెలిగిపోయింది. "గతంలో మన సర్క్యులర్ ఒక్కటైనా ఎవరైనా చదివారా? నేడు సారా దుకాణదారు కూడా నిశితముగా చదువుచున్నాడు. దీనినే భాషా చైతన్యము అందురు," అన్నారు.

మాలకొండయ్యకు ఇంతవరకూ ఇదంతా సిగ్గుపడి ఊరుకునే వ్యవహారమే. అది ఇంటిదాకా వచ్చింది మాత్రం నేరేడుదొన నుంచి అక్క ఫోను చేసినప్పుడు. అక్క పేరు చెంచమ్మ. మెట్టప్రాంతంలో మూడెకరాల చేను ఆమెది. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. మాలకొండయ్య తెలుగు ఎమ్మే దాకా చదివింది ఆ చేను కందులు అమ్మిన డబ్బుతోనే.

"ఒరే మాలకొండా, నా చేను ఎప్పుడు ఎండిందిరా?"

"ఎండటం ఏందక్కా?"

"వీఆర్వో కాయితం ఇచ్చిపోయినాడు. మెట్ట అనే మాట తీసేశారంట. ఇంకమీదట మనది ఎండిన భూమంట. ఎండింది అంటే ఒకప్పుడు తడిగా ఉన్నట్టే గదా, దాన్ని ఎవురు ఎండబెట్టారో చెప్పమంటా ఉండారు. నేనేమన్నా వడియాలు పెట్టుకున్నానా ఎండబెట్టడానికి?"

"నువ్వేం చెప్పావు?"

"మా తాత కాలం నించీ అది అట్టనే ఉందయ్యా అన్నా. అయితే దోషి దొరకలేదు కాబట్టి గవర్నమెంటే తడుపుద్దంట. చుట్టూ కట్టబోసి, ట్యాంకర్లతో నీళ్ళు నిలబెడతారంట. చేలో కంది నడుం దాకా పెరిగుంది. సాళ్ళ మధ్యన ఆలిస్యంగా ఏసిన సజ్జ ఇప్పుడే పాలుబోసుకుంటా ఉంది. కంది మొదట్లో రెండు రోజులు నీళ్ళు నిలిస్తే ఏమైద్దో నీకు నేను చెప్పాల్నా? ఏరు కుళ్ళి నిలువునా చచ్చిపోద్ది. ఏడాది తిండిరా అది. నువ్వు ఆ ఆఫీసులోనేగా ఉండేది, ఏదోటి చెయ్యి."

ఆ రాత్రి మాలకొండయ్యకు అన్నం సయించలేదు. ప్రపంచంలో ఎవరి కాగితమో ఎవరి చేనో అయితే సరే అనుకోవచ్చు. ఇది తన సంస్థ కాగితం, తన అక్క చేను. మర్నాడు డైరెక్టర్ జనరల్ గారి గది ముందు నిలబడి, లోపలికి పిలవగానే చేతులు కట్టుకుని అంతా చెప్పుకున్నాడు.

చిదంబరేశ్వరరావు గారు శ్రద్ధగా విన్నారు. విన్నంతసేపూ ఆయన కళ్ళలో ఆనందం పొంగుతూనే ఉంది.

"భూ ఆర్ద్రతా పునరుద్ధరణ పథకమునకు ప్రారంభస్థలము ఎచ్చట అని ఇంజనీరింగు శాఖ వారు అడుగుచున్నారు. మీ సోదరి గారి పొలమే ఎంపిక చేయుచున్నాను. ఆదర్శము ఉద్యోగి కుటుంబము నుండియే మొదలు కావలెను. నేనే స్వయముగా వచ్చెదను."

"సార్, కందికి నీళ్ళు నిలవకూడదండీ. చేను పోతుంది."

"పంట సంగతి వ్యవసాయశాఖ చూసుకొనును. మనది విశేషణము."

మాలకొండయ్య అక్కణ్ణుంచి ఆ పథకం చూసే ఇంజనీరు సదానందం దగ్గరికి పరుగెత్తాడు. సదానందం మంచివాడే. ఎదుటివాళ్ళ బాధ వింటే ఆయనకు కళ్ళు చెమరుస్తాయి కూడా. కానీ ఆయనకు ట్యాంకర్లు ఇచ్చి ఎండినవాటిని తడపమన్నారు. "ఎందుకు ఎండిందీ, అసలు ఎండిందా లేదా అన్నది నా పరిధి కాదండీ. మీ సంస్థ సర్టిఫికెట్ ఉంటే రాతిబండనైనా తడుపుతాను. లేకపోతే మా ఇల్లు తగలబడుతున్నా ఒక చుక్క వదలను," అన్నాడు. మాలకొండయ్య అడగ్గా అడగ్గా టీ మాత్రం ఇప్పించాడు.

ఇక ముహూర్తానికి వారం ఉందనగా పథకం మాన్యువల్ అనువాదానికి వచ్చింది. దాన్ని ఎవరో పెద్ద కన్సల్టెంట్లు మంచి నున్నటి కాగితం మీద ఇంగ్లీషులో అచ్చువేయించారు. మాలకొండయ్య తన చేత్తోనే అక్క చేనుకు నీళ్ళొదులుతున్నట్టు ఏడుపుముఖంతో పేజీలు తిప్పుతున్నాడు. ఒకచోట కలం ఆగింది. పని మొదలెట్టే ముందు అధికారులందరూ ఒక 'డ్రై రన్' జరపాలని అందులో ఉంది. నీళ్ళు వదలకుండా, అంతా సరిగ్గా ఉందో లేదో ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూసుకోవాలని దానర్థం. ఆ సంగతి మాలకొండయ్యకు తెలుసు. చదువుకున్నవాడు ఎవడికైనా తెలుసు.

కానీ సర్క్యులర్ ఉంది. డ్రై అనగా ఎండిన. రన్ అనగా పరుగు అని సంస్థ అంతకుముందే తేల్చేసింది. ఉత్తర్వును ధిక్కరించే ధైర్యం మాలకొండయ్యకు ఏనాడూ లేదు. ఆ రోజు అసలే లేదు. గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు. "కార్యక్రమము ప్రారంభించుటకు ముందు సంబంధిత అధికారులందరూ విధిగా ఎండిన పరుగు నిర్వహించవలెను."

చిదంబరేశ్వరరావు గారు ఆ వాక్యం దగ్గర రెండు నిమిషాలు ఆగారు.

"ఎండిన పరుగు అనగా?"

"ఎండిన భూమిలో పరుగు అయి ఉంటుంది సార్. నిర్వచనం మనదే కదా."

"బాగున్నది," అని సంతకం పెట్టేశారు ఆయన. "అధికారుల నిబద్ధత ప్రజలకు కనబడును. పత్రికల వారిని పిలువుడు."

నేరేడుదొన వైపు ఆ ఏడు ముసురు తొంగి కూడా చూడలేదు. అనుకున్న రోజు పొద్దున పది దాటేసరికే ఎండ మాడు పగలగొడుతోంది. బాట మీద ట్యాంకర్లు బారుగా ఆగాయి. గట్టు పక్కన షామియానా. దాని కింద తహసీల్దారు, సదానందం, ముందుజాగ్రత్తగా రప్పించిన ప్రాథమిక ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ, ఫోటోగ్రాఫరు, నలుగురు విలేఖర్లు. చిదంబరేశ్వరరావు గారు కొత్త సఫారీ, నల్ల బూట్లతో కారు దిగారు. చెంచమ్మ తలగుడ్డ బిగించి, కొడవలి చంకన పెట్టుకుని చేనికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి మాలకొండయ్య పక్కకు తిరిగాడు.

సదానందం మాన్యువల్ తెరిచి పైకి చదివాడు. అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తహసీల్దారుకు అప్పటికప్పుడు మోకాలునొప్పి గుర్తొచ్చింది. కానీ విలేఖర్లు కెమెరాలు ఎత్తేశారు. సర్క్యులర్ పుట్టించినవారు సర్క్యులర్‌కు వెనకాడితే బాగుండదు గదా. చిదంబరేశ్వరరావు గారు సఫారీ గుండీ ఒకటి విప్పి, "పరుగు నిర్వహించెదము గాక," అని గట్టు వెంట బయల్దేరారు. వెనక తహసీల్దారు, ఆయన వెనక సదానందం. అనువాదకుడు అధికారి కిందికి రాడు కాబట్టి మాలకొండయ్యకు పరుగు వర్తించలేదు.

చెంచమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఏందిరా అట్టా ఉరుకుతా ఉండారు? తేనెటీగలు లేసినయ్యా?"

"కాదక్కా. నీ చేను తడపటానికి ముందు చేసే తంతు."

"వాళ్ళకేమన్నా మొక్కుబడి ఉందేమో పాపం," అంది చెంచమ్మ. ఆమె గొంతులో ఆ రోజు మొదటిసారి కోపం కాస్త తగ్గింది.

మూడెకరాల చుట్టూ గట్టు మీద నడవడమే కష్టం. గుంటలు, పల్లేరుకాయలు, రేగుకంపలు. తొలి మూల తిరిగేసరికి తహసీల్దారు బూటు ఊడింది. రెండో మూల దగ్గర సదానందం కూర్చుని పల్లేరుకాయలు పీక్కోవడం మొదలెట్టాడు. చిదంబరేశ్వరరావు గారు మాత్రం పట్టుదల మనిషి. ముఖం జేవురించినా, ఊపిరి ఈలలు వేస్తున్నా, చుట్టు పూర్తిచేసి, షామియానా ఇంకో నాలుగు బారల దూరం ఉందనగా చేని అంచున సజ్జ మీద దభీమని కూలబడ్డారు.

డాక్టరమ్మ పరుగున వచ్చి నాడి పట్టి చూసింది. "వడదెబ్బ తగిలేటట్టుంది. నోరు పిడచకట్టుకుపోయింది. ఒళ్ళంతా తడపాలి, త్వరగా!" అని అరిచింది. మంచినీళ్ళ సీసాలేమో డైరెక్టర్ జనరల్ గారి కార్లో ఉన్నాయి, కారుకు తాళం వేసి డ్రైవరు ఎటో వెళ్ళాడు. అందరూ ట్యాంకర్ వైపు చూశారు. సదానందం కుంటుతూ వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎట్లాగండీ! ఆ నీళ్ళు ఎండినవాటికే మంజూరయ్యాయి. రేపు నా జీతంలోంచి కోస్తారు."

"మనిషి పోయేట్టున్నాడయ్యా!" అని డాక్టరమ్మ గద్దించింది.

"నేను మాత్రం వద్దంటున్నానా? సంస్థ నుంచి ధ్రువీకరణ కావాలి."

సంస్థ తరఫున అక్కడ స్పృహలో ఉన్నది మాలకొండయ్య ఒక్కడే. పైఅధికారి ముఖంలోకి వంగి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన మీద నిజంగా జాలేసింది. "ఎండినారు," అని ధ్రువీకరించాడు.

సదానందం పైపు ఎత్తి నీళ్ళు వదిలాడు. నీళ్ళు ఆయన మీద పడి, గట్టు పక్క కాలిబాట వెంబడి పల్లానికి పారిపోయాయి. ఫోటోగ్రాఫరు వరసపెట్టి నొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి చిదంబరేశ్వరరావు గారు కళ్ళు తెరిచారు. చెంచమ్మ తన ముంత తెచ్చి మజ్జిగ తాగించింది. ఆయన గటగటా తాగి, నాలుక తడి అవగానే డ్యూటీలోకి వచ్చేశారు.

"తడుపు కార్యక్రమము జరిగినదా?"

"జరిగింది సార్," అన్నాడు సదానందం.

"ఫోటోలు వచ్చినవా?"

"వచ్చాయి సార్."

"భూమి తడిసినదా?"

సదానందం వంగి చూశాడు. "తమరు కూర్చున్నంత మేర తడిసింది సార్."

"అయినచో తడిసినట్లు ధ్రువీకరించుడు."

మాలకొండయ్య ఆయన మనసు మారేలోపు కాగితం ముందుపెట్టాడు. తడి చేత్తో పెట్టిన సంతకం కొంచెం అలుక్కుపోయినా చెల్లుతుంది. ఆ సంతకంతో చేను తడిసిపోయింది. ఒకసారి తడిసినదాన్ని మళ్ళీ తడిపితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. అందుకని సదానందం మిగిలిన ట్యాంకర్లను వచ్చినదారినే తిప్పి పంపేశాడు. అవి ఊరు దాటేదాకా చూసి చెంచమ్మ గట్టు మీద చతికిలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాలకొండయ్య కూడా ఒత్తుకున్నాడు. ఎండకు కళ్ళు మండుతున్నాయని పక్కన తహసీల్దారుకు చెప్పాడు.

చిదంబరేశ్వరరావు గారు ఇంకా లేవలేదు. ఆయన చుట్టూ చూసి, ఉదారంగా చెంచమ్మతో అన్నారు. "అమ్మా, ఇంకనూ ఏమైనా కోరిక ఉన్నచో తెలుపుము."

"ఉండాదయ్యా," అంది చెంచమ్మ. "కాస్త లెయ్యి. నా సజ్జ మీద కూసోనుండావు."

ఆ తర్వాత పథకం ఇంకో పొలానికి వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళినా ముందు అధికారులు పరుగు పెట్టాలి. జిల్లాలో అధికారులందరికీ ఒక్కసారిగా నడుంనొప్పులు, మేనకోడళ్ళ పెళ్ళిళ్ళు వచ్చిపడ్డాయి. సర్క్యులర్ సమీక్షకు అతీతం కాబట్టి పరుగును మాన్యువల్లోంచి తీసేయడం చిదంబరేశ్వరరావు గారి వల్ల కూడా కాలేదు. ఆయన చాలారోజులు ఆఫీసులో కాళ్ళకు బామ్ రాసుకుంటూ కూర్చున్నారు.

దీపావళి ముందు అక్క ఫోను చేసింది.

"కంది పూతమీదుందిరా. సజ్జ కూడా గింజ గట్టిబడింది. మొన్న మీవోళ్ళు వచ్చి చేని మధ్యలో ఇంతెత్తు బోర్డు పాతిపోయినారు. తడిసిన భూమి అని రాసి, దాని కింద మీ పెద్దసారు బొమ్మ ఏసుండారు, పళ్ళు బయటపెట్టి నవ్వతా."

మాలకొండయ్య కంగారుపడ్డాడు. "నీకు అడ్డంగా ఉంటే చెప్పక్కా. నేను రాసిపెట్టి తీయిస్తాను."

"తీయించమాక. ఏడాదేడాదీ చిలకల్ని తోలలేక డబ్బా కొట్టీ కొట్టీ చేతులు పడిపోయేయి. ఆ బొమ్మ పెట్టిన కాడి నించీ ఒక్క పిట్ట వాలితే ఒట్టు. మీ ఆఫీసు నించి రైతుకి పనికొచ్చింది ఇదొక్కటే, ఉండనీ."